కంచరగాడిద ఎక్కిన దారి

ఆ రోజుల్లో, అంటే మరీ ఎప్పుడో కాదు, నాలుగేళ్ల కిందట, డిప్లొమా పట్టా చేతికొచ్చిన కొత్తలో, భూమ్మీద నేను కొలవలేనిది ఏదీ లేదని నా నమ్మకం. చీపురుపల్లి అవతల ఒక పాత మాంగనీసు కొండ కింద, ఉదయం ఏడున్నరకు టిఫిను కొట్లో ఉన్నవారూ ఉన్నవీ ఇవి: సర్వే కాంట్రాక్టరు తరఫున మా పై అధికారి టిఫినుసారు (ఎంత పెద్ద కొండనైనా ఆ బల్ల దగ్గరే కూర్చుని కొలిచేసేవాడు), ముప్పై ఏళ్లుగా సర్వే గొలుసు పట్టిన గొలుసుమావ, ఉద్యోగంలో చేరి మూడు నెలలైన నేను, నా సంచిలో జీపీఎస్, టేపు, వాలు కొలిచే పరికరం, మూడు రంగుల పెన్నులు, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు ఆరు, బల్ల మీద ఒక పాత పటం, ఒక కొత్త కాగితం.

పాత పటంలో కొండ మీదికి ఒక చుక్కల గీత ఉంది. పూర్వం పై గనుల నుంచి ఖనిజాన్ని కంచరగాడిదల మీద దించిన బాట అది. కొత్త కాగితంలో మాత్రం 'ఆనవాళ్లు లేవు' అని టైపు చేసి ఉంది. కింద నేను సంతకం పెడితే కొత్త పటంలో ఆ గీత ఉండదు, కొండను కొత్తగా లీజుకు తీసుకున్నవారు అడ్డంగా కంచె వేసుకుంటారు. "ఎవరైనా వెళ్లి చూశారా సార్?" అన్నాను. "ఆనవాలే నేని దారిని ఏటి సూస్తావురా? సంతకం పెట్టీ, ఉప్మా సల్లారిపోతంది" అన్నాడు సారు. "చూడకుండా పెట్టను సార్." ఆ మాట అన్నదెవరా అని గొలుసుమావ చుట్టూ చూశాడు. (నేనూ చూశాను.) సారు చెంచా కింద పెట్టాడు. "సాయంత్రం అయిదుకి దారి సూపించు. నేదంటే సంతకం పెట్టు. రెండూ సెయ్యకపోతే రేపట్నుంచి రాకు. అనుభవం సర్టిఫికెట్టూ అడక్కు."

పాత పటాన్ని ఫోన్లోకి ఎక్కించి, గొలుసుమావతో కలిసి ఆ గీత వెంట నిటారుగా కొండెక్కడం మొదలుపెట్టాను. అది చిన్న స్కేలు పటమనీ, అందులో మలుపులన్నీ కలిసిపోయి తిన్నని గీత అయ్యాయనీ నాకు తట్టలేదు. పదిన్నరకల్లా నా చొక్కాకు ఒక చేయి తక్కువైంది, ఒంట్లో ముళ్లు ఎక్కువయ్యాయి. రెండుసార్లు జారాను, రెండోసారి గొలుసుమావను కూడా వెంట తీసుకెళ్లాను. "మావా, గీత ఇక్కడే ఉంది!" అంటే, ఆయన కంపలోంచే, "గీతుంటే సాల్దు బావూ, గాడిద ఎక్కాల. కంచరగాడిద నీలాగ సదువుకోనేదు గదా, అందుకే సుట్టు తిరిగి ఎక్కుతాది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా తలల మీదుగా, కొండకు అడ్డంగా, నెత్తిన జీడిపిక్కల మూటతో ఒకామె తాపీగా నడిచిపోతోంది. ఆగి కిందికి చూసింది. "ఏటి బావూ, మేకలు తప్పిపోనాయేటి?" "బాట తప్పిపోయిందమ్మా" అన్నాను. "ఓలమ్మ! బాట మీద నానున్నాను, తుప్పల్లో మీరున్నారు. తప్పిపోనాది బాటేటి?" పైకి పాకి చూస్తే రెండు మీటర్ల వెడల్పు దారి. పల్లపు వైపు రాతి కట్టు, నేల మీద గాడిదల మూటల్లోంచి రాలిన నల్లటి మాంగనీసు బెడ్డలు. మా పని సంగతి చెప్పగానే ఆమె మూట దించేసింది. "కంచేసెత్తే మా ఊరోలు సంతకి ఏ దారినెల్తారు? సుట్టూ తిరిగెల్తే సంత అయిపోతాది. నీ పొస్తకంలో రాసీ. నానిక్కడే నిల్చుంటాను, రాసినాకే ఎల్తాను." రాశాను. ఆమెకు చదవడం రాదట, అయినా తల వంచి ప్రతి అక్షరాన్నీ పరీక్షించింది. కొన దాకా కొలిచాం: మలుపులు పద్నాలుగు, పొడవు పదహారు వందల మీటర్లు, వాలు మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే, పన్నెండు మీటర్లకు ఒక మీటరు ఎత్తు.

అయిదుకు పది నిమిషాల ముందు పుస్తకం బల్ల మీద పెట్టాను. "ఇది మేకల దారిరా" అన్నాడు సారు. "మేక రాతి కట్టు కట్టదు సార్." గొలుసుమావకు పొలమారింది. "ఆ పేజీ కొట్టీ!" అన్నాడు సారు. సర్వే పుస్తకంలో పేజీలకు అంకెలుంటాయి, చింపకూడదు, చెరపకూడదు. తప్పుంటే ఒక గీతతో కొట్టి, కొట్టినవాడే పక్కన సంతకం పెట్టాలి. "నా దృష్టిలో తప్పు లేదు సార్. మీకుంటే మీరే కొట్టండి" అని ఎర్ర పెన్ను ఇచ్చాను. ఆ పెన్నును ఆయన కాలిన పెనాన్ని చూసినట్టు చూశాడు. పుస్తకం మూసి పక్కకు నెట్టి, "సాంబారు తే" అన్నాడు, కొట్టువాడితో.

దారి చూపించినా మర్నాటి నుంచి నన్ను రావద్దన్నారు. సర్టిఫికెట్ ఇవ్వలేదు, నేనూ అడగలేదు, ఇకముందూ అడగను. మొన్న కొత్త పటం దొరికింది. ఒంటి చేతి చొక్కాతో, మూడు రంగుల పెన్నులతో నిటారుగా కొండెక్కిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొచ్చింది. ఇప్పుడైతే ముందు దారి అడిగేవాణ్ని, కానీ అంత గట్టిగా 'పెట్టను' అనగలిగేవాణ్నా అన్నది తెలియదు. మిల్లీమీటరుకు యాభై మీటర్ల లెక్క అని పటం అంచున ఉంది, స్కేలు పెట్టి మలుపు మలుపునా కొలిచాను. కొత్త పటంలో చుక్కల గీత పొడవు ముప్పై రెండు మిల్లీమీటర్లు.