గీత దగ్గర ఆగిన అంకెలు

మా మరిది పోయాడని గుంటూరు ఆసుపత్రి నుంచి అతని కోడలు ఫోను చేసినప్పుడు నేను మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. ఒళ్లోని చాట కింద పెట్టి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదు. తర్వాత పక్కవాటా తాళం తీసి, అతని కంప్యూటరు మీద కప్పిన గుడ్డ సరిచేసి వచ్చాను. ముందు ఆ పనే ఎందుకు చేశానో చెప్పాలి.

అతను సర్వేయరు. కనిగిరి వైపు రాళ్ల చేలల్లో కొలత గొలుసు లాగి లాగి రిటైరయ్యాడు. ఆ మరుసటి ఏడే భార్య, అంటే నన్ను అక్కా అని పిలిచే మా తోడికోడలు, పోయింది. అప్పుడే నల్లపాడులో మా పక్కవాటాలోకి వచ్చాడు. నేను ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పి మానేసినదాన్ని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని జనం చెప్పుకుంటున్న రోజుల్లో అతను ఒకటి కొన్నాడు. ఆగిపోయేదాన్ని కొనడమేమిటయ్యా అన్నాను. ఆగేలోపు చూడాల్సింది చూస్తానన్నాడు.

అతను చూడాలనుకున్నవి ఫ్రాక్టల్ బొమ్మలు. అందులో ఉన్నది చిన్న లెక్కే. ఒక చుక్క స్థానాన్ని రెండు సంఖ్యలుగా ఇస్తే, వచ్చిన జవాబునే మళ్లీ లెక్కలో వేస్తూ పోతుంది కంప్యూటరు. జవాబు అదుపులో ఉంటే ఆ చుక్క నలుపు, అదుపు తప్పితే రంగు. చుక్కలన్నీ కలిస్తే నల్లటి జీడిగింజలాంటి ఆకారం వస్తుంది. దాని అంచును పెద్దది చేసి చూస్తే అది నునుపుగా ఉండదు. వేసవిలో నల్లరేగడి చేలో పెద్ద పగులు నుంచి చిన్న పగులు, దాన్నుంచి ఇంకా సన్నటిది చీలినట్టు అంచులోంచి అంచు పుడుతుంది. గట్ల మధ్య బతికినవాడికి అది పట్టుకుంది. "గొలుసు ఎంత చిన్నదైతే గట్టు అంత పొడుగవుతుంది వదినా. ఆ మాట రైతులకు చెబితే తన్నేవాళ్లు" అనేవాడు. రంగు మాత్రం ఎప్పుడూ ఒకటే వాడాడు. కళ్లంలో ఆరబోసిన మిరప ఎరుపు.

అతని చేయి వణికేది. అందుకని మంచి చోటు దొరికితే అతను సంఖ్యలు చదివేవాడు, నేను కుర్చీ వెనక వంగి నిలబడి నోటుబుక్కులో రాసేదాన్ని. ముందు పుస్తకంలోకి ఎక్కాలి, ఆ తర్వాతే బొమ్మ కంప్యూటర్లో దాచాలి. అది సర్వేలో పడిన అలవాటు. కనిగిరి కొండ, చీమకుర్తి గని అని చోట్లకు పేర్లు పెట్టేవాడు. పేజీకి రెండువైపులా గీత కొట్టి, వరసకు ఒక చోటు చొప్పున రాశాను. ఎక్కడా కొట్టివేత ఉండదు.

ఒక మధ్యాహ్నం అంతకుముందెన్నడూ పోనంత లోపలికి పోయాడు. దశాంశ బిందువు తర్వాత పద్నాలుగేసి అంకెలు చదివాడు. మొదటి సంఖ్య పట్టింది. రెండోది పదో అంకె దగ్గర కుడివైపు గీతకు తగిలింది. గీత దాటి రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని నేను. చివరి నాలుగంకెలు వదిలేసి, పదోదాంతోనే ముగించాను. అంత చిన్న తేడా ఎవరికి కావాలి అనుకున్నాను. అప్పుడే అతని గొంతు వినబడింది.

"ఆ నలుపులో చూడు వదినా. నీ చెల్లెలు. కళ్లంలో వంగి మిరపకాయలు తిరగేస్తోంది."

నిటారుగా నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. ఎర్రటి సుళ్లు, మధ్యలో నలుపు. ఏమీ కనబడలేదనే చెప్పాను. బొమ్మ దాచేలోపే కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక పుస్తకంలోని సంఖ్యలే కొట్టాడు. వట్టి ఎరుపు వచ్చింది. సరిగ్గా రాశావా అని నన్ను అడగలేదు. తానే తప్పు చదివి ఉంటానన్నాడు. "ఇంత లోతున చివరి అంకె కూడా ఒక ఊరే" అని గొణుక్కున్నాడు. నేనేం చేశానో నాకు అప్పుడు తెలిసింది. పుస్తకం మూసి అతని బల్ల మీద పెట్టి మా వాటాలోకి వచ్చేశాను.

తర్వాత ఆరేళ్లూ ప్రతి మధ్యాహ్నం గోడ అవతల కీబోర్డు చప్పుడు వినబడేది. విన్నప్పుడల్లా ఆ నాలుగంకెలు గుర్తు తెచ్చుకోబోయేదాన్ని. ఏడు ఉన్నట్టనిపించేది. మిగతావి వచ్చేవి కావు. అన్నం ముందు కూర్చున్నా ఆ చప్పుడే.

పోయిన వేసవిలో, అతను మంచం పట్టకముందు, వరండాలో కూర్చుని ఉండగా చెప్పేశాను. అతను నవ్వాడు.

"ఆ వారంలోనే తెలిసింది వదినా. పుస్తకం మొత్తంలో ఆ ఒక్క వరసే గీతకు ఆనుకుని ఆగింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు మళ్లీ పుస్తకం ముట్టుకునేదానివా? పోయినవి నాలుగంకెలు, అంటే పదివేల చోట్లు. రోజుకు నాలుగైదు చూస్తున్నా. నాకింకేం పని?"

పెద్దదినం అయ్యాక కోడలు నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. వెనక పేజీల నిండా వంకరటింకర టిక్కులు. లెక్కపెట్టాను. చూడకుండా మిగిలినవి నూట ఎనభై మూడు. ఏ కీ నొక్కాలో కోడలు చూపించింది. రోజుకు నాలుగు చూస్తున్నాను. పద్నాలుగంకెలూ రాస్తున్నాను, గీత దాటినా సరే.

నిన్న మధ్యాహ్నం బొమ్మ పైనుంచి ఒక్కో వరసే ఎర్రగా దిగుతోంది. ఒళ్లో పుస్తకం పెట్టుకుని అంకెలు సరిచూస్తున్నాను. సగం దిగాక కరెంటు పోయింది. తలెత్తాను. నా వెనక కిటికీలోంచి పడుతున్న వెలుతురుకు, నల్లబడిన తెర అద్దంలో ఒక ఆడమనిషి వంగి ఉంది. చేతుల కింద ఏదో తిరగేస్తున్నట్టుంది.

ఆ రోజు కూడా అతని కుర్చీ వెనక వంగే ఉన్నాను. అతను పిలిచినప్పుడు నిటారుగా నిలబడ్డాను.

నిన్న నిలబడలేదు. కరెంటు వచ్చేదాకా అలాగే వంగి కూర్చున్నాను. ఆమె కూడా కదల్లేదు.