వంకాయ కాళ్ళ జింక

నా చిన్నప్పుడు, కరోనా కాలంలో, లోకమంతా తలుపులేసుకుని కూర్చుంటే నా కాళ్ళు మాత్రం కూర్చోలేదు. అప్పుడు మేం జర్మనీలో, బెర్లిన్‌కి రైల్లో గంట దూరంలో, పైన్ చెట్ల అడవిని ఆనుకున్న చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. బడి మూశారు. పార్కులో ఉయ్యాలకి ఎరుపు తెలుపు చారల పట్టీ చుట్టేశారు. అమ్మ పడగ్గదిలో, నాన్న వంటింట్లో, ఎవరి లాప్‌టాప్‌తో వాళ్ళు మాట్లాడుకుంటుంటే, తొమ్మిదేళ్ళ నేను నడవాలో ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగెత్తేదాన్ని. "నిన్ను మ్యూట్ చేసే బటన్ ఏడుందే?" అని అమ్మ తలుపు సందులోంచి అరిచేది. ఆ బటన్ ఈ వయసుకీ ఎవరికీ దొరకలేదు.

నాకు దొరికిన ఒకే ఒక్క దిక్కు పక్కింటి ఓమా. ఓమా అంటే అక్కడి పిల్లల భాషలో నానమ్మ. డెబ్భై దాటిన మనిషి, భర్త పోయాడు, ఇంట్లో ఒక తుపాకీ, ఒక పొట్టికాళ్ళ కుక్క. రోజూ సాయంత్రం నన్ను అడవి అంచుకి నడకకి తీసుకెళ్ళేది. ఆవిడ వేటగత్తె. అక్కడ వేటంటే తుపాకీ భుజాన వేసుకుని పోవడం కాదు. అడవిలో ఒక ముక్కని ఏళ్ళ తరబడి కౌలుకి తీసుకుని, అందులోని జంతువుల మంచీచెడ్డా చూసుకుంటూ, హద్దు దాటకుండా కొన్నింటిని కొట్టాలి. ఆవిడా, బొద్దు మీసాలాయన ఒకాయనా కలిసి ఆ ముక్కని తీసుకున్నారు. వాళ్ళు మాట్లాడింది జర్మనే. కానీ నా జ్ఞాపకంలో అందరూ మా అమ్మ కరీంనగర్ తెలుగే మాట్లాడతారు కాబట్టి అలాగే రాస్తున్నాను.

ఒక గురువారం మీసాలాయన ఓమా పెరటి కంచె అవతల, రెండు మీటర్ల దూరంలో నిలబడి, మాస్కులోంచి మీసాలు పొడుచుకొస్తుంటే మొదలుపెట్టాడు. "ఇంకేం జింకలు? తాతల కాలంల మాయమైన తోడేలు ఈ అడవికి తిరిగొచ్చి నాలుగేండ్లాయె. ముందుగల్ల పొద్దుగూకంగ మంచె ఎక్కితే పది కనబడేటియి. ఇప్పుడు ఒక్కటి లేదు. అన్నీ దాని కడుపులనే ఉన్నయి."

"నీ కడుపుల గూడ శానా ఉన్నయి తియ్యి," అంది ఓమా.

ఆయన నవ్వలేదు. కౌలు వదిలేద్దామన్నాడు, శనివారం కాగితాలు తెస్తానన్నాడు. ఓమా కుక్క చెవులు నిమిరింది. జింకల్లేని అడవికి కావలి ఎందుకు, డ్యూసెల్‌డార్ఫ్‌లో కూతురి దగ్గరికి పోతానంది. పోయే ముందు ఒక్కసారి ఇసుక చూస్తానంది. "శనివారం పొద్దుగాల ఒక్క అడుగు కనబడ్డా సంతకం పెట్ట. లేకుంటే పెడ్త."

అడవిలో నిప్పు పాకకుండా అంచు వెంట చెట్లు కొట్టేసి, దున్ని వదిలిన ఇసుక పట్టీ ఒకటుండేది. సాయంత్రం దాన్ని పళ్ళగొర్రుతో సాపు చేసి వదిలేస్తే, రాత్రి దాటిన ప్రతి జంతువూ తన గుర్తు పెట్టి పోతుంది. శుక్రవారం ఇద్దరం కలిసి సాపు చేశాం. ఆవిడ వెళ్ళిపోతే నాకు నడవా, రెండు గోడలే మిగులుతాయి. ఆ రాత్రి పక్కమీద దొర్లుతూ ఆలోచిస్తే, అమ్మ ఆదివారం గుత్తివంకాయకని తెచ్చి పెట్టిన చిన్న వంకాయలు గుర్తొచ్చాయి.

జింక అడుగు చూశారా? పక్కపక్కనే రెండు పొడుగు చుక్కలు, ముందు మొన తేలి ఉంటాయి. వంకాయని నిలువునా కోసి, రెండు బద్దల్నీ పక్కపక్కన పెట్టి కోతవైపు కిందికి నొక్కితే అచ్చం అదే. తెల్లవారుతుండగా పెరటి తలుపు తీసుకుని వెళ్ళి, ఇసుక పొడవునా నొక్కుకుంటూ, నా బూట్ల గుర్తులు పళ్ళగొర్రుతో చెరుపుకుంటూ, ముళ్ళపొద దాకా పోయాను. అక్కడికొచ్చేసరికి ధైర్యం అయిపోయింది, వంకాయా అయిపోయింది. ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు పాలు తాగాను.

ఓమా వచ్చి నన్ను ఇసుక దగ్గరికి తీసుకెళ్ళింది. వంగింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

"శానా గొప్ప జింకనే పిల్లా. ఎన్కకు నడిచింది. గదీ ఒంటికాలు మీద."

నేను ఆకాశం చూశాను.

"అడుగడుక్కు గింజలు గూడ రాల్చింది పాపం. నడుమ నడుమ ఎవరో పళ్ళగొర్రుతోని దాని ఎనక ఊడ్చిండ్రు. మర్యాదగల్ల జింక." ఒక గింజ వేలిమీదికి తీసుకుని వాసన చూసింది. "అమ్మకు చెప్పినవా?"

తిడితే బాగుండేది. తిట్టలేదు. లేచి, ఎంత దూరం పోయిందో చూద్దాం రమ్మని ఆ దొంగ అడుగుల వెంటే నడిచింది. ముళ్ళపొద దగ్గర నా జింక మాయమైంది. ఓమా ఆగింది, కుక్క మాత్రం ఆగలేదు, పొదలోకి దూరిపోయింది. ఎంత పిలిచినా రాలేదు. చివరికి ఆ డెబ్భై ఏళ్ళ మనిషి పొట్టమీద పాకుతూ లోపలికి పోయింది. వెనకే నేనూ.

లోపల నేలమీద రాలిన ఆకులన్నీ పక్కకి గోకి, మట్టి మీద జింకలు చేసుకున్న నాలుగు పడకలు. వెచ్చగా ఉన్నాయో లేవో నేను చెప్పలేను, ఓమా అరచెయ్యి ఒక పడక మీద పెట్టి చాలాసేపు తియ్యలేదు. ముళ్ళకొమ్మల చివుళ్ళు కొరికేసి ఉన్నాయి. ఇదంతా ఇసుక పట్టీకి ఇవతలే, మా పెరళ్ళకి ఇంత దగ్గర. పట్టీ దాటవలసిన పనే వాటికి లేదు.

"తోడేలు తినలేదంటలేను," అంది ఓమా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "తింటది. మొన్న దాని పెంటల జింక బొచ్చు చూసిన. కానీ మిగిలినయి తెలివికొచ్చినయి, బయిలుకు వస్తలేవు. నేనే అదే మంచె ఎక్కి, అదే గడ్డి జూసి, లేవు లేవు అనుకుంట కూసున్న."

తర్వాత నా వైపు తిరిగింది. లేనిదాన్ని నువ్వు పుట్టించావు, ఉన్నదాన్ని లేదు లేదంటూ నేను చంపేశాను, ఇద్దరిలో ఎవరు పెద్ద దొంగో నువ్వే చెప్పమంది.

మీసాలాయన వచ్చేలోపు నా అడుగులన్నీ చెరిపేద్దామని పళ్ళగొర్రు తీశాను. ఓమా చెయ్యి పట్టుకుంది. చెరపొద్దంది. ముందు ఆయనకి నా వంకాయ సంగతి నేనే చెప్పాలట, ఆ తర్వాతే పడకలు చూపిస్తానంది. అప్పుడు ఆయన నమ్మకపోతే? ఇంత చేసి మళ్ళీ సంతకం దగ్గరికే వస్తే? "నమ్మకుంటే నమ్మకపోనీ," అంది. నా కాళ్ళు అంతకుముందెప్పుడూ అంత గట్టిగా పరుగెత్తాలనుకోలేదు.

ఆయన రాగానే చెప్పాను. ఆయన మాస్కు జారిపోయేదాకా నవ్వాడు. రేపు తోడేలు అడుగులకి ఏ కూరగాయ వాడతావని అడిగాడు. గుమ్మడికాయ అన్నాను. ఓమా పొద వైపు చెయ్యి చూపించింది. ఆయన నమ్మకుండానే పాకుతూ వెళ్ళాడు. బయటికొచ్చేసరికి మీసాల్లో ముళ్ళు, మొహంలో నవ్వు లేదు. "నాలుగు పడకలకే పండుగ జేసుకోవాల్నా?" అని గొణిగాడు కానీ కాగితాలు జేబులోంచి తియ్యలేదు. మర్నాడు ఇద్దరూ కలిసి మంచెని విప్పి, పొద కనబడే చోట మళ్ళీ కట్టారు. ఆయన బతికినంతకాలం తోడేలుని తిడుతూనే ఉన్నాడు. ఓమా ఆ ఊళ్ళోనే ఉండిపోయింది.

అమ్మకి వంకాయ లెక్క తప్పినట్టు ఆదివారం తెలిసింది. ఆ భాగం ఇక్కడ రాయను, అందులో నీతేమీ లేదు.

తొమ్మిదో తరగతితో బడికి నమస్కారం పెట్టేశాను, కాబట్టి నేను నేర్చుకున్నవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు తల పూర్తిగా నెరిసింది, కాళ్ళు మాత్రం ఇంకా ఒకచోట నిలవవు. ఫలానా స్నేహం పోయింది, ఫలానా మనిషిలో మంచితనం లేదు, ఈ కాలంలో ఇంకేమీ మిగల్లేదు అని ఎవరైనా నాతో అంటే, ఎక్కడ కూర్చుని చూశావని అడుగుతాను. నా నోటికే ఆ మాట వచ్చిన రోజున, ఇంకెవరూ అడగరు కాబట్టి, నేనే లేచి కుర్చీ ఇంకో కిటికీ దగ్గరికి జరుపుకుంటాను.