మొదట తొడుక్కున్నవాళ్ళ పేరే

మేముండే ఐర్లండ్ ఊరు గాల్వేలో వాన లేని రోజంటూ ఉండదు కాబట్టి ఉతికిన ఊలు ఎప్పుడూ హాల్లో రేడియేటర్ మీదే ఆరాలి. ఆ తడి ఊలు వాసన, సగం గొర్రె, సగం సబ్బు, ఇల్లంతా పట్టేస్తే నాకు మదనపల్లె చలికాలాలు గుర్తుకొస్తాయి. లాక్‌డౌన్‌లో ఆ వాసన మరీ ఎక్కువైంది, ఎందుకంటే ఎక్కడికీ కదలడానికి లేక నేను స్వెట్టర్లు అల్లీ అల్లీ ఒక కొత్త డిజైను కనిపెట్టాను. కనిపెట్టడం తేలికే, దానికి పేరు పెట్టమని నా ప్రాణం తోడేశారు.

ప్రతి గురువారం వీడియోలో కలిసే మా అల్లికల బృందానికి పెద్ద నోరీన్. పేరు లేనిదే వెబ్‌సైట్లో పెట్టనంటుంది. ఒకావిడ ‘అట్లాంటిక్ మిస్ట్’ అంటుంది. ఇంకొకావిడ, నేను ఇండియా మనిషిని కదా అని, ‘మ్యాంగో మాన్‌సూన్’ అంటుంది. మామిడిపండుకూ స్వెట్టరుకూ ఏం సంబంధం తల్లీ, మామిడిపండ్ల కాలంలో మా ఊళ్ళో ఒంటిమీద చొక్కా నిలవదు! నా కూతురేమో బిస్కెట్లు నములుతూ, “జస్ట్ పిక్ వన్, మామ్, ఇట్ విల్ బి గ్రాండ్” అంటుంది. దాని మొహం గ్రాండు.

మా వీధిలో ఎవరూ ఇలా కూర్చుని ఆలోచించి పేర్లు పెట్టలేదు. డిజైను మొదట ఎవరు తొడుక్కుంటే వాళ్ళ పేరే. కార్తీకం వచ్చిందంటే పొద్దెక్కినా మంచు విడవదు, ఏ ఇంటి ముందు నిలబడినా అనపగింజల పితికిపప్పు ఉడికే వాసన, భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా ఎండ కోసం అరుగుల మీదికి చేరి, ఉడకబెట్టిన చెనక్కాయలు ఒలుచుకు తింటూ, అత్తల మీద చాడీలు చెప్పుకుంటూ సూదులు ఆడించేవాళ్ళు. గోలీలాడుకునే మమ్మల్ని చెవి పట్టుకుని లాక్కొచ్చి, చేతులు చాపించి, వాటికి ఊలు తగిలించి, ఉండ చుట్టడం అయ్యేదాకా కదలనిచ్చేవాళ్ళు కాదు. ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు, కోపంతో ఏడుపొచ్చేది.

వాళ్ళందరికీ నేర్పింది మా కనకత్త. నాన్నకు అక్క, పిల్లలు లేరు, మా ఇంట్లోనే ఉండేది. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా మొదటి స్వెట్టరు ఆమెదే, ప్రతి బిడ్డకూ కొత్త డిజైనే. ఆకులది రవిగాడి డిజైను, జడలది పద్మ డిజైను, చుక్కలది నాది. “కనకక్కా, రవిగాడి డిజైనులో మూడో వరస యెట్ల?” అని గోడ అవతలి నుంచి కేకలు. అన్నీ పుట్టించిన మనిషి పేరు మాత్రం దేనికీ లేదు, ఎందుకంటే ఆమె తనకంటూ ఒక్కటీ అల్లుకోలేదు, నాన్న పాత కోటుతోనే చలికాలాలు వెళ్ళదీసింది. అల్లుకోవచ్చు కదా అంటే, “ముసల్దానికి నాకేందిమే?” అని నలభై కూడా నిండని మనిషి కసిరేది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకే అత్తకు ఫోన్ చేశాను. ఆమెకు ఎనభై దాటాయి, చుట్టుపక్కల ఇళ్ళ నుంచి ఒక్కొక్కరే ఆసుపత్రికి పోతున్నారు, ఆమె ఉండగానే ఈ పని జరగాలని నా ఆరాటం.

“అత్తా, నా కొత్త డిజైనుకు నీ పేరు పెడతాండా.”

“ఎవరూ తొడక్కుండానే పేరేందిమే? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని!”

సరే, నీ కొలతకే అల్లి పంపిస్తా, నువ్వే తొడుక్కో అన్నాను. అల్లడం అయిపోయింది గానీ ఇండియాకు పార్సెళ్ళు ఆగిపోయాయి. పోస్టాఫీసుకు ఎప్పుడు వెళ్ళినా అద్దం వెనకావిడ “సారీ, లవ్” అనడమే. గురువారం రాగానే నోరీన్ పేరు అడగడం, నేను “ఇంకా తొడుక్కోలేదు” అనడం. నాకు పిచ్చి పట్టిందని అనుకునే ఉంటారు.

చివరికి పార్సెలు చేరేసరికి అక్కడ రోళ్ళు పగిలే ఎండలు. వీడియోలో చూద్దును కదా, అత్త మెడ దాకా గుండీలు పెట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చుంది. విప్పెయ్యి, ఉడికిపోతావు అని నేనిక్కడ అరుస్తుంటే వింటేనా! చేతుల మీద అల్లికను వేళ్ళతో వరస వరసా తడుముతూ, “నాకేనా? నాకే అల్లినావా?” అని అడిగింది. నీకే అన్నాను. నాకు ఏడుపాగలేదు.

ఆ గురువారం పేరు చెప్పాను. ఇప్పుడు ఈ దేశంలో ఎక్కడెక్కడో, షానన్‌లో, శాండీఫోర్డ్‌లో నేనెన్నడూ చూడని ఆడవాళ్ళు ‘కనకం’ ఎలా అల్లాలని మెసేజులు పెడుతున్నారు. మదనపల్లెలో మా వీధి అరుగులు కొట్టేసి కార్లు పెట్టుకుంటున్నారు, స్వెట్టర్లు బజార్లో కొంటున్నారు, సూదులు పట్టిన చేతులు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఈ మెసేజుల సంగతి చెబితే అత్త సంతోషిస్తుందనుకున్నాను. ఫోన్లోనే నన్ను కసిరింది.

“వాళ్ళెవరోమే నాకేం తెలుసు? ఈ వీధిలో ఒక్కతన్నా వచ్చి, కనకం డిజైను యెట్ల అల్లేదని అడిగితే గదా!”