బాపు సాంచ ఆగినప్పుడు

నిన్న మధ్యాహ్నం ఆల్థాన్‌లోని మా ఫ్లాట్‌లో అందరం దయ్యం సినిమా చూస్తున్నాం. ఉన్నట్టుండి సంగీతం ఆగిపోయింది.

"ముందుగాల మస్తు మోత, తర్వాత అంతా చుప్, గప్పుడు దయ్యం. ప్రతి సినిమా గిట్లనే ఉంటది డాడీ!" అంది మా అమ్మాయి. నాకు మాత్రం కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు.

పర్వత్ పాటియాలో సాంచల మీది గదుల్లో నాతో పెరిగినవాళ్లారా, మీకు గుర్తుందా? కింద మన నాన్నలు నడిపే ఆ మరమగ్గాల మోతకు గూట్లో గిన్నెలు వణికేవి. తాగే నీళ్లకు కూడా నూనె వాసన. ఆ మోతలోనే హాయిగా నిద్రపోయేవాళ్లం. సాంచలన్నీ ఒకేసారి ఆగితే కరెంటు పోయినట్టు. మా బాపు సాంచ ఒక్కటే ఆగితే మాత్రం ఆ తేడా అమ్మకు ఇట్టే తెలిసిపోయేది. ఆయన చెయ్యి సాంచలో పడిందేమోనని, పిండి చేతులతోనే, చెప్పుల్లేకుండా మెట్లు దిగేది. కాసేపటికి కింద నుంచి బాపు అరుపు వినబడేది: "దారం తెగింది, గంతే!"

నిన్న కూడా సినిమాలో చప్పుడు ఆగగానే అమ్మ సోఫాలోంచి లేచింది. తెరవైపు చూడనైనా చూడకుండా, బాపు పడుకున్న గదివైపు గబగబా నడిచింది.

ఆమె అడుగులు విని లోపలి నుంచి బాపు అన్నాడు: "దారం తెగింది, గంతే. పోయి సినిమా సూడు."