ముప్పై ఎనిమిది మందికి ఒకటే శాలువా

ఇస్రాయేలు పెద్దనాయిన కనపడిన కళాకారుడికల్లా శాలువా కప్పుతాడు. ఫొటో పడగానే తీసేసుకుంటాడు. గద్వాలలో ఆయన గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఇదే. ఇంకేమైనా చెప్పమంటే కాసేపు ఆలోచించి మళ్లీ ఇదే చెబుతారు.

ఆ శాలువా పసుపు రంగుది, ఎర్ర అంచు. ఒక మూల అగరుబత్తి అంటుకుని రూపాయి బిళ్లంత కన్నం పడింది. సన్మానం జరిగేటప్పుడు ఆ మూల వెనక్కి పోవాలి. పోకపోతే ఆయన ఫొటో ఆపించి, ఆ మనిషిని దర్జీ ముందు నిలబడ్డ పెండ్లికొడుకులా అటూ ఇటూ తిప్పి, కన్నం కనపడకుండా సర్ది, మళ్లీ వచ్చి పక్కన నిలబడతాడు. ఫొటోలు తీసేది నేను. నా పేరు సతీష్, ఒక దినపత్రికకు గద్వాల విలేకరిని. ఆయన మా వీధిలోనే ఉంటాడు కాబట్టి తప్పించుకునే దారి లేదు. నా ఫోనులో మా పిల్లల ఫొటోలకన్నా ఆ శాలువా ఫొటోలే ఎక్కువని నా భార్య నిరోష రోజూ దెప్పుతుంది.

ఆయన ఒక ఫంక్షన్ హాలుకు వాచ్‌మన్. అందువల్ల కుర్చీ, కుర్చీ మీద వేసే ఎర్ర గుడ్డ, నిన్నటి పెండ్లిలో మిగిలిన దండ ఆయనకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. దండ మాత్రం తిరిగి అడగడు, అది సాయంత్రానికి ఎలాగూ వాడిపోతుంది. వెనక కట్టే ఫ్లెక్సీ కూడా ఒకటే. పైన ‘కళాకారులకు ఘన సన్మానం’ అని ఉంటుంది, కింద పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. పేరును చార్టు ముక్క మీద రాసి ఆ ఖాళీలో పిన్నులతో గుచ్చుతాడు. ఒకసారి తొందరలో పాత చార్టు తీయడం మరిచిపోతే, బుర్రమీసాల డప్పు అబ్రహాంకు ‘శ్రీమతి జానకమ్మ’ పేరుతో సన్మానం జరిగిపోయింది. పెద్దనాయిన ఏమాత్రం కంగారుపడలేదు. చార్టు మార్చి, అబ్రహాంను మళ్లీ కూర్చోబెట్టి, మళ్లీ కప్పి, మళ్లీ తీసుకున్నాడు. పది నిమిషాల్లో రెండు సన్మానాలు అందుకున్న కళాకారుడు జిల్లాలో అబ్రహాం ఒక్కడే.

ఊరికే కప్పుతాడనుకునేరు. ముందు కళ, తర్వాతే శాలువా. సంతలోనో, బస్టాండు దగ్గరో పదిమందిని పోగుచేసి, పాడేవాళ్లతో పాడించి, ఆడేవాళ్లతో ఆడించి, చివరన కప్పుతాడు. నేను ఫోను దించగానే ఒకే ప్రశ్న వేస్తాడు.

“పడ్డదా?”

పడ్డదంటే శాలువా దిగినట్టే. సన్మానం అందుకున్నవాడి నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే శాలువా నాలుగు మడతలై సంచిలోకి వెళ్లిపోతుంది.

ఒక చలికాలం అచ్చంపేట దాకా పోయి బుర్రకథ వెంకటయ్యకు సన్మానం చేశాడు. నన్నూ లాక్కుపోయాడు. ఫొటో పడింది, పెద్దనాయిన ఒక అంచు పట్టుకున్నాడు, వెంకటయ్య రెండో అంచు వదల్లేదు. కప్పినంక అది నాది కాదా అని వెంకటయ్య వాదన. నీదేగానీ రేపు ఇంకొకరిది అని పెద్దనాయిన వాదన. ఇద్దరు పెద్దమనుషులు బజారు నడుమ ఒక బట్టను చెరోవైపు గుంజుతుంటే, బుర్రకథకు రానివాళ్లు కూడా చూడ్డానికి వచ్చారు. చివరికి పెద్దనాయిన తన స్వెటర్ విప్పి వెంకటయ్యకు తొడిగి శాలువా విడిపించుకున్నాడు. తిరుగు బస్సులో ఆయన పళ్లు టకటక కొట్టుకుంటుంటే, సంచిలో శాలువా ఉంది కదా కప్పుకోమన్నాను.

“అది కళాకారులది బిడ్డా. నాకెక్కడిది ఆ లెక్క?” అన్నాడు.

తానే ముప్పై ఏండ్లు నాటకాల్లో ద్రౌపది వేషం కట్టిన మనిషి అనే మాటేనా ఇది అనుకుని నవ్వాను. పిచ్చి ముదిరిందని ఇంటికొచ్చి నిరోషకు చెప్పాను.

నిజానికి మన దగ్గర కళకు సర్కారు సొమ్ము రాక కాదు. ఏడాదికోసారి ఉత్సవాల పేరున వస్తుంది. అది ముందు టెంటువాడికి, తర్వాత ఫ్లెక్సీవాడికి, ఆ తర్వాత మైకువాడికి, నీళ్ల సీసాలవాడికి పోతుంది. మిగిలినదాంతో శాలువాలు కొంటారు. ఆ శాలువాలు ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు లెక్క పెట్టినట్టు సరిపోతాయి. కళాకారుడు వేదిక వెనక నిలబడి చప్పట్లు కొడతాడు, ఎందుకంటే ఆయన వంతు వచ్చేసరికి కరెంటు పోతుంది. ఇలాంటి ఉత్సవాల వార్తలు నేనే పదిహేనేండ్లుగా ‘అంగరంగ వైభవంగా’ అని రాస్తున్నాను. కన్నం పడ్డ శాలువాను మాత్రం వెక్కిరించేవాణ్ని. విలేకరి బుద్ధి అలా ఏడుస్తుంది.

ఇక అసలు సంగతి. మానవపాడులో జంగమ్మ అని ఒక తత్వాల గాయని ఉంది. డెబ్బై ఏండ్లు. తంబూర మీటుతూ పాడుతుంది. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో దినం జరిగినా, ఏ ఊళ్లో భజన జరిగినా జంగమ్మ గొంతు వినపడాల్సిందే. పగలు పత్తి ఏరి బతికేది. మోకాళ్లు పోయాక పత్తి చేనుకు పిలవడం మానేశారు. వృద్ధ కళాకారుల పింఛను కోసం రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ తిరిగొచ్చింది. కళాకారిణి అనడానికి ఆధారం లేదట. సన్మానం ఫొటో ఒకటి, పేపరు కటింగు ఒకటి జతచేయాలట. యాభై ఏండ్లు పాడిన మనిషిని పట్టుకుని, పాడినట్టు సాక్ష్యం తెమ్మన్నారన్నమాట.

ఇలాంటివాళ్లు జిల్లాలో జంగమ్మతో కలిపి ముప్పై ఎనిమిది మంది తేలారు. వీళ్లందరికీ పెద్దనాయిన ఒకరి తర్వాత ఒకరికి శాలువా కప్పుతూ వచ్చాడు. ఫొటోల పని అయిపోయింది. కటింగుల పని నా మీద పడింది. మొదటి రెండు మూడు వార్తలు వేసిన మా ఎడిటరు, నాలుగోసారి ఫొటో చూసి, మళ్లీ అదే శాలువానా అని పక్కన పడేశాడు. ఆ మాట చెప్పినా పెద్దనాయిన వినలేదు. పొద్దున టీ దగ్గర అడుగుతాడు, మధ్యాహ్నం ఫోను చేస్తాడు, సాయంత్రం ఇంటిముందు కూర్చుంటాడు. పింఛన్ల కమిటీ ముందరికి పోయే తేదీ దగ్గరపడ్డది, ఇప్పుడు పోకుంటే జంగమ్మ మళ్లీ ఏడాది ఆగాలె అని ఒకటే పోరు.

విసుగొచ్చి రాసేశాను. ‘తిరిగొచ్చే శాలువా’ అని శీర్షిక. ఒకే శాలువా, ఒకే కుర్చీ, ఒకే కన్నం అని మొదలుపెట్టి, నా ఫోను తెరిచి వరుసగా రాశాను. ఏ తేదీన, ఏ ఊళ్లో, ఎవరు, ఏం పాడాక, ఎన్ని నిమిషాలు ఆ శాలువా వాళ్ల భుజాల మీద ఉందో అన్నీ రాశాను. జంగమ్మ దగ్గర ఒకటిన్నర నిమిషం. అబ్రహాం దగ్గర రెండు విడతలుగా మూడు నిమిషాలు. మా ఎడిటరు పొట్ట పట్టుకుని నవ్వి అరపేజీ ఇచ్చాడు. ఊరంతా నవ్వింది. పెద్దనాయిన వీధిలో నడుస్తుంటే చొక్కా మీద టవల్ వేసుకున్నవాళ్లు కూడా టవల్ గట్టిగా పట్టుకునేవారు.

మర్నాడు ఆయన మా ఇంటికి వస్తుంటే తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. ఆయన కూర్చుని, కండ్లద్దాలు పెట్టుకుని, పేపరు మొత్తం వేలుపెట్టి చదివాడు.

“ముప్పై ఎనిమిది పేర్లున్నయ్. ఒక్క తప్పు లేదు. మంచిగ రాసినవ్ బిడ్డా,” అన్నాడు. పేపరు మడిచి సంచిలో, శాలువా పక్కన పెట్టుకుని జిరాక్సు కొట్టుకు పోయాడు.

వెక్కిరింత అర్థం కాలేదేమో పాపం అనుకున్నాను.

మే నెలలో కమిటీ కూర్చుంది. వార్త కోసం నేనూ వెళ్లాను. అధ్యక్ష స్థానంలో తేజస్విని అని కొత్తగా వచ్చిన అధికారిణి. పక్కన ఇద్దరు సభ్యులు. అందులో ఒకాయన రిటైరైన లెక్చరరు, కళల మీద ఉపన్యాసాలిస్తాడు. ఎదుట బెంచీల మీద కళాకారులు, చివరన సంచి ఒళ్లో పెట్టుకుని పెద్దనాయిన. మేడం ఫైళ్లు ఒక్కొక్కటే తిప్పుతూ హఠాత్తుగా ఆగి, ఫొటోలన్నీ బల్ల మీద పరిచింది. పసుపు శాలువా, ఎర్ర అంచు, ఎర్ర గుడ్డ కుర్చీ. ఎంత సర్దినా నాలుగైదు ఫొటోల్లో కన్నం కూడా పడింది. లెక్చరరు గారు ఒంగి చూసి, ఇదంతా ఒకే రోజు ఒకేచోట కూర్చోబెట్టి తీయించిన నాటకమని తేల్చేశాడు. ముప్పై ఎనిమిది దరఖాస్తులూ పక్కన పెట్టమన్నాడు. గుమాస్తా కట్ట కట్టడం మొదలుపెట్టాడు. జంగమ్మ తంబూరను గట్టిగా పట్టుకుంది.

పెద్దనాయిన లేచి నిలబడ్డాడు. “శాలువా ఒక్కటే మేడం. మనుషులు ముప్పై ఎనిమిది మంది. కొనే తాకత్ నాకు ఒక్కదానికే ఉండె,” అన్నాడు. తర్వాత, ఎనక ఇంకో కాయితం ఉంది, జర చూడుమన్నాడు.

ప్రతి దరఖాస్తు వెనకా నా ‘తిరిగొచ్చే శాలువా’ జిరాక్సు ఉంది. నన్ను నేను కనపడకుండా చేసుకోవడానికి కర్టెన్ కోసం వెతికాను. మేడం చదవడం మొదలుపెట్టింది. రెండో పేరాలో నవ్వు ఆపుకుంది, అబ్రహాం దగ్గర ఆపుకోలేకపోయింది. నవ్వు అయ్యాక తేదీలన్నీ వేలుపెట్టి మళ్లీ చూసింది. ఒక్కోటి ఒక్కో రోజు, ఒక్కో ఊరు. రాసిందెవరని అడిగింది. చేయెత్తాను. ఇదంతా నిజమేనా అంది. ఎగతాళికి రాశానుగానీ ఒక్క ముక్క అబద్ధం రాయలేదని చెప్పాను. ఫోను ఇచ్చాను. తేదీలు సరిచూసుకుంది.

“పొగడుకుంట రాసిన కటింగులు ఇప్పటిదాకా వంద చూసిన, ఒక్కటి నమ్మలే. ఇది నమ్ముత,” అంది మేడం. లెక్చరరు గారి ముఖం చిన్నబోయింది. ఆయన కటింగులు ఆ వందలో ఉన్నాయేమో.

అయినా ఒకరిని విందామని మేడం జంగమ్మను పాడమంది. జంగమ్మ తంబూర సవరించుకుని పైకి చూసింది.

“ఆ పంకా సప్పుడుల తత్వం పట్టదు మేడం. జర బంద్ జేయుండ్రి.”

మే నెల, మధ్యాహ్నం, గద్వాల. పంకా ఆపారు. ఒకటి రెండు చరణాలతో సరిపెడుతుందనుకున్నారు. తత్వం చిన్నదైతే కాదు, పన్నెండు చరణాలు. లెక్చరరు గారి చొక్కా వీపుకు అంటుకుపోయింది, గుమాస్తా కట్టతాడుతో విసురుకున్నాడు, మేడం మాత్రం కదల్లేదు. ఆరో చరణం దగ్గర చెంగుతో తుడుచుకున్నది చెమటే అని నేను రాసుకున్నాను, కాకపోయి ఉండొచ్చు. కళ కోసం ప్రభుత్వం చెమటోడ్చడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి చూశాను.

ముప్పై ఎనిమిది దరఖాస్తుల మీదా సంతకాలు పడ్డాయి. జంగమ్మ మోకాలి మీద చేయి వేసుకుని, ఇగ ఎవల ఇంటి ముంగట నిలబడె పని లేదు అంది. మేడం చివరి కాగితం మూసి, నీ దరఖాస్తు ఏదయ్యా అని పెద్దనాయినను అడిగింది.

“నాకు ఫొటో లేదు మేడం,” అన్నాడు.

ఎప్పుడో హైదరాబాదులో ఒక పెద్ద ఉత్సవంలో ద్రౌపది వేషం చూసి ఎవరో మెచ్చుకుని ఆయనకు శాలువా కప్పారట. ఫొటోలు తీసేవాడు అప్పుడే భోజనానికి పోయాడట. ఆధారం లేదని దరఖాస్తు తిరిగొచ్చిందట. ఆయన ఆ కాగితం చింపి, ఇంకెవరిదీ ఇట్ల వాపస్ రావద్దని శాలువా సంచిలో వేసుకుని బయల్దేరాడట. ఈ పసుపుది ఆ తర్వాత ఆయన కొన్నది. అప్పటి శాలువా వాడి వాడి చిరిగిపోయింది. ఏండ్ల తరబడి పక్కన నిలబడి ఫొటోలు తీసిన నేను ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు సిగ్గేసింది.

బయట మెట్ల మీద జంగమ్మ ఆయన సంచి లాక్కుని శాలువా తీసింది. ఆయన వద్దంటుంటే అబ్రహాం భుజాలు పట్టి నిలబెట్టాడు. జంగమ్మ కప్పింది. కన్నం ఉన్న మూల ముందుకు వచ్చింది. ఆయనే దాన్ని వెనక్కి తిప్పుకుని, మెడ నిటారుగా పెట్టి, ముప్పై ఏండ్లు సభల్లో నిలబడ్డ ద్రౌపదిలా కెమెరాను చూశాడు. ఈసారి ఒకటి చాలదనిపించింది. రెండు తీశాను.

“పడ్డదా?” అన్నాడు.

“పడ్డది పెద్దనాయినా.”

వెంటనే శాలువా దించుకుని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాడు. ఇంకొంచెంసేపు ఉంచుకోవచ్చు గదా అన్నాను.

“మన్ననూర్ల ఒకాయన ఉన్నడంట. పాట మస్తుగ పాడుతడంట, ఫొటో లేదంట. బస్సు రెండింటికి ఉంది. వస్తవా?” అన్నాడు.

నేను ఫోను ఛార్జింగు ఎంతుందో చూసుకుని ఆయన వెనకే బస్టాండు వైపు నడిచాను.