దస్తగిరి సారు తెలివి పరీక్ష

దస్తగిరి వైరాలో బడికి వెళ్లే రోజుల్లో ఎవరో వచ్చి పిల్లలందరికీ తెలివి పరీక్ష పెట్టారు. బొమ్మలో ఏం లోపించిందో చెప్పాలి. అది పచ్చగడ్డి పరిచిన టెన్నిస్ కోర్టు బొమ్మ, మధ్యలో వల లేదు. దూది ఏకి పరుపులు కుట్టే ఇంట్లో పుట్టిన దస్తగిరి టెన్నిస్ మొహం ఎరగడు. ఇంత గడ్డి పెట్టుకుని ఒక్క మేకను కూడా గీయలేదని రాశాడు. మందబుద్ధి అని తేల్చి వాణ్ణి వెనక బెంచీకి పంపారు. అక్కడ హాయిగా నిద్రపోయాడు గానీ, కోపం మాత్రం పోలేదు.

అందరూ ఇష్టంతో సైకాలజీ చదివితే అతను పగతో చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు చదువురాని సిపాయిలను ఏరడానికి అలాంటి బొమ్మలు వాడారని ఎమ్మే తరగతిలో తెలిసింది. ఎక్కడి సిపాయిలు, ఎక్కడి వైరా!

తర్వాత ఖమ్మంలో బీయీడీ కాలేజీ లెక్చరరయ్యాడు. ఏటా ఈ చరిత్ర చెబుతుంటే విద్యార్థులు ఏటా కునుకు తీసేవాళ్లు. ఒకసారి వాళ్లను లేపడానికి టీ తాగుతూ తనే ఒక తెలివి పరీక్ష రాశాడు. దిండుకు ఏ దూది, పరుపుకు ఏ దూది? పక్కింటివాళ్లు రోజూ పరుపు ఎండేస్తున్నారంటే ఆ ఇంట్లో ఎవరున్నట్టు? క్లాసు క్లాసంతా తప్పింది. అందరినీ మందబుద్ధులని ప్రకటించి కడుపుబ్బ నవ్వుకున్నాడు.

ప్రిన్సిపాల్ రవీందర్‌ మాత్రం నవ్వలేదు. విదేశీ పరీక్షలు మనకెందుకని ఆ కాగితానికి రంగుల అంచు వేయించి, ‘దస్తగిరి ప్రజ్ఞా మాపని’ అని పేరు పెట్టి చుట్టుపక్కల బడులకు పంపించాడు. అది జోకని దస్తగిరి మొత్తుకున్నాడు.

“చదివితే నాకు నవ్వొస్తలేదు. ఇంక జోకెట్లయితది?” అన్నాడు రవీందర్.

నిజం చెప్పాలంటే దస్తగిరి కూడా మరీ గట్టిగా మొత్తుకోలేదు. అచ్చులో తన పేరు ముద్దొచ్చింది. ఇంటికి తీసుకెళ్లి భార్య సఫూరాకు చూపించాడు. పేరు బాగానే ఉంది గానీ ప్రశ్నలు మా అత్త అడిగినట్టున్నాయని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

కొన్ని నెలలకు చండ్రుగొండ వైపు తండా నుంచి ద్వాలి అనే ఆమె కూతురు సోనిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పరీక్షలో తప్పిందని సోనిని బడిలో ‘ఏ’ సెక్షన్ నుంచి మొద్దుల ‘సీ’ సెక్షన్‌కు మార్చారట.

“మా ఇంట్ల పరుపు లేదు సార్, నులక మంచమే. గంత మాత్రానికి పిల్ల మొద్దయితదా?” అంది ద్వాలి.

దస్తగిరికి తల కొట్టేసినట్టయింది. వెంటనే వాళ్లతో బడికి వెళ్లి, అది ఉత్తుత్తి పరీక్ష అని హెడ్మాస్టరుకు చెప్పాడు. ఆయన కాగితం మీది పేరు చూపించి, ఇంత పెద్దమనిషి చేసిన పరీక్షను ఉత్తుత్తిదంటారేమిటని కోప్పడ్డాడు. ఆ పేరు తనదేనంటే నమ్మలేదు.

బయటికొచ్చాక దస్తగిరి ద్వాలికి సిపాయిల కథంతా చెప్పాడు. మనిషి తెలివిని కాగితం మీద పెట్టడమే తప్పు అన్నాడు. ఆమె ఓపిగ్గా వింది.

“అవ్ సార్. కాయితంతోనే గద ఇదంత అయింది. మా పిల్లకు గూడ ఒకటి రాసియ్యున్రి.”

ఎంత చెప్పినా ఆమె కదల్లేదు. చివరికి దస్తగిరి సిగ్గు చంపుకుని ‘సోని తెలివైన పిల్ల’ అని రాసి, కాలేజీకి తీసుకెళ్లి గుండ్రటి ముద్ర కొట్టాడు. ముద్ర చూడగానే హెడ్మాస్టరు మారుమాట లేకుండా సోనిని మళ్లీ ‘ఏ’ సెక్షన్‌లో కూర్చోబెట్టాడు.

అక్కడ సోనికి తోచలేదు. స్నేహితులంతా ‘సీ’లోనే ఉన్నారు. మరుసటి వారం వాళ్లు తల్లులతో సహా దస్తగిరి ఇంటి ముందు దిగారు. తర్వాత తల్లాడ నుంచి కూడా రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాళ్లకూ దస్తగిరి అదే మాట రాసిచ్చాడు. సఫూరా టీలు పోసి పోసి విసిగిపోయింది. ఏ ఆధారంతో రాస్తున్నావని రవీందర్ నిలదీశాడు.

“నా ఆధారం మీరు అచ్చేసిన దానికంటె తక్కువదేం గాదు సార్,” అన్నాడు దస్తగిరి.

ఆ బడిలో ‘సీ’ సెక్షన్ ఖాళీ అయింది. ఆ గదిలో ఇప్పుడు విరిగిన బల్లలు పడేస్తున్నారు. ‘ఏ’ సెక్షన్‌లో మాత్రం కూర్చోవడానికి చోటు లేదు.