పాల మందు

మా అక్క కాలివేలు పోయింది మామిడిపండు తిన్నందుకు కాదు. ఈ మాట నేను దవాఖానలోనే అనవలసింది. అనలేదు.

కోదాడ బస్టాండు దగ్గర నాది పాల బూత్. అంతకుముందు చెప్పుల షాపు పెట్టాను, సెల్‌ఫోన్ రిపేరు పెట్టాను, రెండూ మూతపడ్డాయి. పాలతో పాటు ఒక కంపెనీ పొడి డబ్బాలు అమ్ముతానంటే, వాటి సంగతి వివరించడానికి సూర్యాపేటలో ఒక హోటలుకు పిలిచారు. పాలలోని ప్రొటీన్‌ను విడగొడితే పెప్టైడ్లనే చిన్న ముక్కలు వస్తాయని, వాటిలో కొన్ని రక్తంలో చక్కెర అదుపుకు కొంత తోడ్పడవచ్చని, ఇంకా పరిశోధనలు సాగుతున్నాయని చెప్పారు. గోలీలకు బదులు కాదని కూడా చెప్పారు. నాకు బాగానే అర్థమైంది. కానీ బూత్ ముందు నిలబడ్డ మనిషికి పెప్టైడ్ అంటే నోరు తిరగదు. "పాల మందు" అన్నాను. ఆ పేరే నిలిచింది.

మిర్యాలగూడలో ఉండే అక్కకు చాలా ఏళ్లుగా షుగర్. ఒక డబ్బా తీసుకెళ్లి ఇచ్చాను. కొన్నాళ్లకు ఫోన్ చేసింది.

"తమ్మీ, నీ మందు మంచిగ పనిచేస్తున్నదిరా. ఒళ్లు తేలికైంది. మా తమ్ముని మందు అని వాడకట్టంత చెప్పిన."

"గోలీలు ఏసుకుంటున్నవా?"

"రెండు మందులు ఒక్కతాన ఎట్ల పడ్తయిరా? పథ్యం మీదున్న. ఇంగ్లీషు గోలీలు బంద్ పెట్టిన."

మావైపు నాటుమందు వాడేటప్పుడు చాలామంది ఇంగ్లీషు మందు ఆపేస్తారు. నేను పెట్టిన పేరు విని ఆమె దీన్ని నాటుమందుల్లో కలిపేసుకుంది. అది మందు కాదనడానికి ఎంతసేపు? కానీ అప్పటిదాకా నా గురించి వాడకట్టులో చెప్పుకోవడానికి అక్కకు ఏమీ ఉండేది కాదు. "సరే, జాగ్రత్త" అని పెట్టేశాను.

ఎండాకాలంలో చెప్పు కరిచి అక్క కాలివేలికి పుండు పడింది. నొప్పి తెలియక, నల్లబడేదాకా పట్టించుకోలేదు. సూర్యాపేట దవాఖానలో వేలు తీసేశారు. గోలీలు ఎందుకు ఆపావని డాక్టరు అడిగితే "మరిచిపోయిన సార్" అంది. నన్ను తిట్టనివ్వలేదు.

డాక్టరు వెళ్లగానే బావ అందుకున్నాడు.

"నీ తమ్ముడేం జేస్తడు? బంగారమసొంటి మందు తెచ్చిచ్చిండు. పక్కింట్ల మామిడిపండు కనబడంగనే పథ్యం ఇడిసిపెట్టింది మహాతల్లి!"

"ఒక్కటే తిన్న," అంది అక్క గోడవైపు తిరిగి. "నోరు కట్టుకోకపోతి."

నేను అక్కడే, మంచం కాళ్లవైపు నిలబడి ఉన్నాను.

ఆ డబ్బాలు ఇప్పటికీ అమ్ముతున్నాను. ఇది మందు కాదు, గోలీలు మానొద్దు అని కొన్న ప్రతి మనిషికీ చెబుతున్నాను. అక్కకు తప్ప అందరికీ చెప్పాను.

ఈ ఎండాకాలం మిర్యాలగూడ వెళ్లాను. బావ రైస్‌మిల్లుకు పోయాడు. అక్క కుంటుతూ వచ్చి మామిడి ముక్కలు నా ముందు పెట్టి, తను దూరంగా కూర్చుంది.

"నువ్వు తిను. నా నోరే నా కాలు తిన్నది."

ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"పండుతోని కాదక్కా. గోలీలు ఆపినందుకు. అది మందు కాదని నాకు ముందే తెలుసు. ఆపినవని నువ్వు ఫోన్ల చెప్పినప్పుడే వద్దనాల్సింది. అనలే."

అక్క నావైపు తిరిగింది.

"దవాఖానల మీ బావ నన్ను తిడుతుంటే నువ్వు గాడనే ఉంటివి గదరా?"

"ఉన్ననక్కా. నోరు మూసుకొని నిలబడ్డ. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."